తామరాకుపై నీటిబొట్టులా.. ఫ్లోరిన్ లేని పూత ఎన్నాళ్లు నిలుస్తుంది?

కొత్త రెయిన్ జాకెట్‌పై పడిన చినుకు తామరాకు మీది బొట్టులా దొర్లిపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే జాకెట్ భుజాల వద్ద తడిసి ముదురు రంగుకు మారుతుంది, బరువెక్కుతుంది. వస్త్రం చిరగలేదు, కుట్లు ఊడలేదు. పోయింది కంటికి కనిపించని పూత మాత్రమే.

పాలిస్టర్, నైలాన్ వంటి కృత్రిమ వస్త్రాలకు నీరు అంటకుండా వేసే ఈ పూతల్లో దశాబ్దాల పాటు ఫ్లోరిన్ రసాయనాలదే పైచేయి. వాటివల్ల ఆరోగ్యానికి, పర్యావరణానికి ముప్పు ఉందని తేలడంతో పలు దేశాలు ఆంక్షలు విధించాయి. వాటి స్థానంలో ఫ్లోరిన్ లేని పూతలు వచ్చాయి. ఇవి నీటిని ఎంతవరకు అడ్డుకుంటాయి, ఎందుకు త్వరగా బలహీనపడతాయి, తిరిగి ఎలా నిలబెట్టుకోవాలి అన్నవి కొనుగోలుదారులు తెలుసుకోవలసిన అంశాలు.

పూత వేరు.. పొర వేరు

మన బజార్లలో దొరికే చవక రెయిన్‌కోట్లలో చాలా వాటికి లోపలివైపు పీవీసీ లేదా పాలీయురేథేన్ పొర ఉంటుంది. కొన్ని పూర్తిగా ప్లాస్టిక్ షీటుతోనే తయారవుతాయి. నీటిని ఆపేది ఆ పొరే. అది గాలిని కూడా అంతగా వెళ్లనివ్వదు కనుక లోపల చెమట పడుతుంది.

ఖరీదైన జాకెట్లలో నిర్మాణం వేరు. పైన పాలిస్టర్ లేదా నైలాన్ వస్త్రం, దాని కింద ఆవిరిని బయటకు పంపుతూ నీటిని ఆపే సన్నని పొర ఉంటాయి. పై వస్త్రంలోని ప్రతి పోగు చుట్టూ నీరు అంటనీయని పూత వేస్తారు. ఈ పూత పోతే వర్షం వెంటనే లోపలికి చేరదు, కింది పొర ఆపుతుంది. కానీ పై వస్త్రం నీటితో నిండిపోవడంతో చెమట ఆవిరి బయటకు వెళ్లే దారి మూసుకుపోతుంది. శరీరం చల్లబడుతుంది, లోపల చెమ్మ చేరుతుంది. జాకెట్ కారుతోందని చాలామంది పొరబడేది ఈ దశలోనే. చలి ప్రాంతాల్లో, కొండలపై నడిచేవారికి ఇది కేవలం అసౌకర్యం కాదు. తడి, చలి కలిస్తే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోతుంది.

ఫ్లోరిన్ ఎలా వచ్చింది

అమెరికాకు చెందిన 3ఎం సంస్థ ప్రయోగశాలలో 1953లో ఒక ఫ్లోరిన్ రసాయనం కొన్ని చుక్కలు సహాయకురాలి కాన్వాస్ బూటుపై ఒలికాయి. ఎంత కడిగినా ఆ మచ్చ పోలేదు. పైగా నీరు, నూనె, మురికి ఆ చోట అంటలేదు. శాస్త్రవేత్తలు ప్యాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ ఈ గుణాన్ని పట్టుకుని అభివృద్ధి చేసిందే స్కాచ్‌గార్డ్. తరువాతి దశాబ్దాల్లో జాకెట్లు, తివాచీలు, సోఫా వస్త్రాలు, గుడారాలు అన్నింటికీ ఈ తరహా రసాయనాలు విస్తరించాయి.

దీని వెనుక సూత్రం సులభమే. ద్రవం తలతన్యత ఎక్కువగా, వస్త్రం ఉపరితల శక్తి తక్కువగా ఉంటే ద్రవం పరచుకోకుండా బొట్టుగా నిలుస్తుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీ న్యూటన్లు. వంటనూనెలది 30కి కాస్త అటూ ఇటూ. మైనం, సిలికోన్ వంటి పదార్థాల ఉపరితల శక్తి 20 నుంచి 25 ప్రాంతంలో ఉంటుంది. ఫ్లోరిన్ అణు గొలుసులు దట్టంగా అమరితే అది 10 కంటే కిందికి కూడా దిగుతుంది. అందుకే ఫ్లోరిన్ పూత నీటితో పాటు నూనెనూ తిప్పికొడుతుంది. మైనం, సిలికోన్ నీటిని తిప్పికొట్టగలవు గాని నూనె విషయంలో చేతులెత్తేస్తాయి. పూతల మన్నికలో తేడాకు ప్రధాన మూలం ఇక్కడే ఉంది.

ఎందుకు వదులుకోవలసి వచ్చింది

కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం అత్యంత దృఢమైనది. ప్రకృతిలో ఎండకు, సూక్ష్మజీవులకు అది సులభంగా లొంగదు. పీఫాస్‌గా పిలిచే ఈ కుటుంబంలోని వేలాది రసాయనాలకు 'శాశ్వత రసాయనాలు' అన్న పేరు అందుకే వచ్చింది. ఇవి నీటిలో, మట్టిలో, మనుషుల రక్తంలో పేరుకుంటున్నట్లు గుర్తించారు.

ఎనిమిది కార్బన్‌ల గొలుసుతో చేసిన పాత పూతలు క్షీణించినప్పుడు పీఎఫ్‌ఓఏ అనే ఆమ్లం వెలువడుతుంది. 3ఎం సంస్థ పీఎఫ్‌ఓఎస్ ఆధారిత రసాయనాల నుంచి తప్పుకుంటున్నట్లు 2000లో ప్రకటించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2006లో ఎనిమిది కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని, 2015 నాటికి పీఎఫ్‌ఓఏను పూర్తిగా తొలగించాలని లక్ష్యం పెట్టింది. స్టాక్‌హోం ఒడంబడిక జాబితాలో పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో చేరాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో పీఎఫ్‌ఓఏను మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

పరిశ్రమ మొదట ఆరు కార్బన్‌ల గొలుసుకు మారింది. వీటినే 'సీ6' పూతలు అంటారు. ఇవి క్షీణించి ఏర్పడే పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏ కూడా ప్రకృతిలో నశించదని తేలింది. దీనిపై యూరోపియన్ యూనియన్ 2024లో ఆంక్షలు తెచ్చింది. సాధారణ ప్రజల దుస్తులకు అవి 2026 అక్టోబరు నుంచి వర్తించేలా నిర్ణయించారు. ఫ్రాన్స్ 2025లో చేసిన చట్టం 2026 జనవరి 1 నుంచి పీఫాస్ ఉన్న దుస్తులను నిషేధించింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కొత్త దుస్తుల్లో పీఫాస్ వాడరాదు. తీవ్ర వర్షంలో వాడే ప్రత్యేక దుస్తులకు 2028 వరకు గడువిచ్చినా, పీఫాస్‌తో తయారైనట్లు లేబుల్‌పై తెలపడం తప్పనిసరి చేశారు. భారత్ నుంచి ఆయా దేశాలకు ఎగుమతయ్యే దుస్తులకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి.

ప్రత్యామ్నాయాలు ఇవీ

ఫ్లోరిన్ లేని పూతలన్నీ ఒక్కటి కావు. ప్రధానంగా నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి.

మైనపు పూతలు: అన్నిటికంటే పాతవి. పారఫిన్ మైనాన్ని నీటిలో కలిపి వస్త్రానికి పట్టిస్తారు. ధర తక్కువ. నీటిని బాగానే అడ్డుకుంటాయి. పోగుకు గట్టిగా అతుక్కోవు కనుక ఉతుకులకు త్వరగా పోతాయి.

సిలికోన్ పూతలు: వస్త్రాన్ని మెత్తగా ఉంచుతాయి. పోగు చుట్టూ సన్నని పొరగా ఏర్పడతాయి. మోతాదు మించితే నీటిని అడ్డుకునే గుణం పెరగకపోగా తగ్గవచ్చు. వీటి తయారీలో మిగిలే కొన్ని వలయాకార సిలోక్సేన్‌లపై యూరప్‌లో ఆంక్షలున్నాయి. ఫ్లోరిన్ లేదన్న ఒక్క కారణంతో ఏ పూతా పూర్తిగా నిరపాయకరం అయిపోదనడానికి ఇది ఉదాహరణ.

పొడవైన హైడ్రోకార్బన్ గొలుసుల పూతలు: అక్రిలిక్ లేదా పాలీయురేథేన్ వెన్నెముకకు 12 నుంచి 18 కార్బన్‌ల కొవ్వు గొలుసులను పక్కకొమ్మలుగా అమరుస్తారు. ఆ కొమ్మలు వరిమడిలో నారులా పక్కపక్కన నిటారుగా నిలిచినప్పుడు నీరు దిగదు. కొన్నింటిలో మొక్కల నుంచి తీసిన ముడిసరుకు కూడా వాడుతున్నారు.

శాఖోపశాఖల పూతలు: చెట్టు కొమ్మల్లా విస్తరించే పెద్ద అణువులివి. డెండ్రిమర్‌లు అని వీటికి పేరు. కొనల్లో హైడ్రోకార్బన్ గొలుసులు ఉంటాయి.

తామరాకు కూడా ఫ్లోరిన్ లేకుండానే నీటిని వదిలించుకుంటుంది. ఆకుపై ఉండే మైనం, కంటికి కనిపించని సూక్ష్మమైన బొడిపెలు కలిసి ఈ పని చేస్తాయి. జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్త్‌లాట్ దీనిని వివరంగా అధ్యయనం చేశారు. అయితే ఆకు బతికి ఉన్నంతకాలం అరిగిన మైనాన్ని మళ్లీ మళ్లీ స్రవించుకోగలదు. జాకెట్‌కు ఆ వీలు లేదు. ఆ పని దానిని వాడే మనిషే చేయాలి.

పాలిస్టర్‌పై నిలబెట్టడం కష్టం

పత్తి పోగుపై రసాయనం పట్టుకోవడానికి తగిన చర్యాశీల సమూహాలు పుష్కలంగా ఉంటాయి. పాలిస్టర్ పోగు నునుపుగా ఉంటుంది, పట్టుకోవడానికి అలాంటి చోట్లు దాదాపు ఉండవు. నైలాన్ ఈ విషయంలో కాస్త మెరుగు. అందుకే మిల్లుల్లో పూత ద్రావణానికి అడ్డు బంధాలను కల్పించే రసాయనాన్ని జతచేస్తారు. వస్త్రాన్ని ద్రావణంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, ఆపై సుమారు 150 నుంచి 170 డిగ్రీల వేడిలో కొద్ది సేపు ఉంచుతారు. పూత పోగును అంటుకోవడం కంటే దాని చుట్టూ వలలా అల్లుకుని నిలుస్తుంది.

ఈ దశలో వేడి చాలకపోయినా, రంగులద్దకం తరువాత సబ్బు అవశేషాలు వస్త్రంలో మిగిలిపోయినా పూత సరిగా పట్టదు. ఒకే రసాయనం వాడిన రెండు జాకెట్లలో ఒకటి రెండేళ్లు నిలిచి, మరొకటి ఆరు నెలలకే తడవడానికి తరచూ కారణం ఇదే. నేత దట్టంగా ఉన్న వస్త్రంపై బొట్టు సులభంగా నిలుస్తుంది. వదులు నేతలో పోగుల సందుల్లోంచి నీరు దిగిపోతుంది.

మన్నికను ఎలా కొలుస్తారు

అన్నింటికంటే విరివిగా వాడేది స్ప్రే పరీక్ష. వస్త్రాన్ని 45 డిగ్రీల వాలులో బిగించి, 150 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 250 మిల్లీలీటర్ల నీటిని జల్లుగా పోస్తారు. ఏమాత్రం తడవకపోతే 100 మార్కులు. నీరు పడిన చోట్ల మాత్రమే తడి కనిపిస్తే 80. పైభాగం పూర్తిగా తడిస్తే 50. వెనుక వైపు కూడా తడిస్తే సున్నా.

తరువాత అదే వస్త్రాన్ని నిర్ణీత పద్ధతిలో ఉతికి మళ్లీ పరీక్షిస్తారు. వ్యాపార పరిభాషలో '80/20' అంటే 20 ఉతుకుల తరువాత కూడా 80 మార్కులు వచ్చాయని అర్థం. పది నిమిషాల కృత్రిమ వర్షంలో వస్త్రాన్ని అడుగు నుంచి రుద్దుతూ పరీక్షించే బుండెస్‌మన్ పద్ధతి ఇంతకంటే కఠినం. స్ప్రే పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న వస్త్రం ఇక్కడ తడిసిపోవచ్చు. అసలు వర్షానికి దగ్గరగా ఉండేది ఇదే.

ఈ అంకెలను చదివేటప్పుడు మన ఇళ్లకు సంబంధించిన ఒక తేడాను గమనించాలి. పరీక్షల్లో ఉతికిన వస్త్రాన్ని తరచూ వేడిగాలి డ్రైయర్‌లో ఆరబెడతారు. ఆ వేడి పూతలోని గొలుసులను తిరిగి నిటారుగా నిలబెడుతుంది. తెలుగు ఇళ్లలో దుస్తులను దండెంపై ఆరేయడమే అలవాటు. కేవలం గాలికి ఆరిన వస్త్రంలో పూత పూర్తిగా కోలుకోదు. కనుక లేబుల్‌పై ఉన్న ఉతుకుల సంఖ్య మన వాడకంలో అలాగే వస్తుందని ఆశించలేం.

నీటికి సరే.. నూనెకు లొంగుతుంది

బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్లోరిన్ ఉన్న, లేని పూతలను పోల్చి చూశారు. నీటిని తిప్పికొట్టడంలో మంచి ఫ్లోరిన్ రహిత పూతలు ఫ్లోరిన్ పూతలకు దీటుగా నిలిచాయి. నూనె మరకలను ఆపడంలో మాత్రం విఫలమయ్యాయి. సాధారణ వినియోగదారుకు కావలసింది వర్షం నుంచి రక్షణే కనుక, నూనెను ఆపే గుణం వారికి అవసరానికి మించినదన్న వాదనకు ఇది బలం చేకూర్చింది.

అయితే నూనెకు లొంగడం మన్నికపైనా ప్రభావం చూపుతుంది. మెడ చుట్టూ తలనూనె, ముంజేతుల వద్ద చెమట, భుజాలపై సంచి పట్టీల రాపిడి, రోడ్డుపై వాహనాల పొగలోని జిడ్డు పూతపై పరచుకుంటాయి. పాలిస్టర్‌కు జిడ్డును పట్టి ఉంచే స్వభావం ఉంది. జిడ్డుపై ధూళి చేరుతుంది. ఆ ధూళి నీటిని పీల్చుకుని లోనికి దారి చూపుతుంది. పూత చెక్కుచెదరకుండా ఉన్నా మురికి కప్పేయడంతో అది పనిచేయదు. జాకెట్ మొదట తడిసేది మెడపట్టీ, ముంజేతులు, భుజాల వద్దే కావడానికి కారణం ఇదే.

పాత ఫ్లోరిన్ పూత జిడ్డును దగ్గరకు రానిచ్చేది కాదు కనుక యజమాని అశ్రద్ధను కొంతకాలం సహించేది. కొత్త పూత అశ్రద్ధను సహించదు. ఫ్లోరిన్‌ను వదులుకున్నందుకు వినియోగదారు చెల్లించే మూల్యం ఈ అదనపు సంరక్షణే.

పూతను హరించేవి

డిటర్జెంట్ అవశేషాలు: సబ్బు అణువుకు ఒక కొన నీటిని ఇష్టపడుతుంది. సరిగా జాడించకపోతే ఆ కొనలు బయటికి నిలిచి వస్త్రాన్ని నీటికి అనుకూలంగా మారుస్తాయి. కొత్త జాకెట్ తొలి ఉతుకు తరువాతే తడుస్తుంటే అనుమానించవలసింది దీనినే.

ఫ్యాబ్రిక్ కండిషనర్: సువాసన, మెత్తదనం కోసం వాడే ఈ ద్రవం పోగుపై పొరలా మిగిలి పూతను మూసేస్తుంది.

రాపిడి: సంచి పట్టీలు, సీటు బెల్టు, బండి నడిపేటప్పుడు చేతుల కదలిక పూతను నిజంగానే అరగదీస్తాయి. మురికి వల్ల పోయిన గుణం ఉతికితే తిరిగి వస్తుంది. రాపిడితో అరిగిన పూత మాత్రం మళ్లీ పూస్తేనే వస్తుంది.

తడిగా మడిచి ఉంచడం: చాలాసేపు తడిలో ఉంటే పూతలోని గొలుసులు లోపలికి ఒరుగుతాయి. బూజు కూడా పట్టవచ్చు.

ఇంట్లో పరీక్ష.. పునరుద్ధరణ

జాకెట్‌ను బల్లపై పరిచి మెడ, భుజం, వీపు భాగాల్లో కొద్దిగా నీరు చల్లాలి. బొట్లు గుండ్రంగా ఉండి వంచగానే జారిపోతే పూత బాగున్నట్లే. బొట్లు చదునుగా పరచుకుని అక్కడే నిలిస్తే ఉతికి వేడి తగిలించాలి. వస్త్రం ముదురు రంగుకు మారితే ముందు అదే చేసి చూసి, ఫలితం లేకుంటే కొత్త పూత వేయాలి. అంటే వరుసక్రమం ముఖ్యం: తొలుత శుభ్రం చేయడం, తరువాత వేడి, చివరగా పూత. మురికిపై పూసిన పూత నిలవదు.

ఉతికే ముందు జిప్పులు మూయాలి. ద్రవ డిటర్జెంట్‌ను తక్కువ మోతాదులో వాడి, లేబుల్‌లో చెప్పిన ఉష్ణోగ్రత మించకుండా ఉతికి, కనీసం రెండుసార్లు మంచి నీటితో జాడించాలి. గట్టిగా పిండకూడదు. నీడలో ఆరిన తరువాత, లేబుల్ అనుమతిస్తే పలుచని నూలు గుడ్డను అడ్డుగా వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయాలి. నైలాన్ వేడికి త్వరగా ముడుచుకుంటుంది కనుక ఇస్త్రీపెట్టెను ఒకేచోట నిలపరాదు. పీవీసీ పొర ఉన్న రెయిన్‌కోట్‌కు, ప్లాస్టిక్ షీటు కోటుకు ఇస్త్రీ అసలు తగదు.

తిరిగి పూసేందుకు ఉతికే నీటిలో కలిపే ద్రవాలు, పైన చల్లే స్ప్రేలు దొరుకుతాయి. లోపల ప్రత్యేక అస్తరు ఉన్న జాకెట్లకు స్ప్రే మేలు. నీటిలో కలిపే ద్రవం అస్తరుకూ పట్టి చెమటను పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది. స్ప్రేను గాలి వీచే ఆరుబయటే వాడాలి, ఆ తుంపరలను పీల్చరాదు. కొనేముందు ఆ డబ్బాపై కూడా ఫ్లోరిన్ లేదని రాసి ఉందో లేదో చూడాలి. లేకపోతే ఫ్లోరిన్ లేని జాకెట్ కొన్న ప్రయోజనం దక్కదు.

అందరికీ సరిపోతుందా?

వర్షంలో నడిచేవారికి, బండిపై వెళ్లేవారికి, విద్యార్థులకు ఫ్లోరిన్ లేని పూత చాలు. నూనె, ఇంధనం, ఆల్కహాల్ మీద పడే వృత్తుల్లో పరిస్థితి భిన్నం. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం అగ్నిమాపక సిబ్బంది దుస్తులపై చేసిన పరిశోధనలో, పీఫాస్ లేని పై వస్త్రాలు నూనెను తిప్పికొట్టలేవని తేలింది. ఇంధనం పీల్చుకున్న వస్త్రం మంటల్లో అంటుకునే ప్రమాదముంది. మరోవైపు తమ దుస్తుల్లోని రసాయనాలే క్యాన్సర్ తెచ్చిపెడతాయేమోనని అదే సిబ్బంది ఆందోళన చెందుతున్నారు. ఇలాంటి రక్షణ దుస్తుల విషయంలో చట్టాలు మినహాయింపులు, అదనపు గడువులు ఇస్తున్నది ఈ చిక్కుముడి వల్లే.

లేబుల్ చదవడం ఎలా

'సీ8', 'సీ6' అని ఉంటే అవి ఫ్లోరిన్ పూతలు. 'సీ0' అంటే ఫ్లోరిన్ లేనిది. 'పీఎఫ్‌సీ-ఈసీ ఫ్రీ' అన్న మాట పర్యావరణ పరంగా ఆందోళన కలిగించే ఫ్లోరిన్ రసాయనాలు లేవని మాత్రమే చెబుతుంది. లోపలి పొరలో ఫ్లోరిన్ పాలిమర్ ఉండే అవకాశాన్ని అది కొట్టివేయదు. 'పీఫాస్ ఫ్రీ' అని ఉన్నప్పుడు అది పూతకు మాత్రమే వర్తిస్తుందా, జాకెట్ మొత్తానికా అన్నది చూడాలి. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు చలి, వాన కోసం జాకెట్ కొనేటప్పుడు ఈ తేడా ఉపయోగపడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* జిడ్డు, మురికి కనిపించగానే ఉతకాలి. ఉతికితే పూత పోతుందన్న భయంతో నెలల తరబడి అలాగే వాడితే నష్టమే ఎక్కువ.
* కండిషనర్, బ్లీచింగ్ ద్రవాలు వాడకూడదు.
* ఉతికిన తరువాత లేబుల్ అనుమతించిన మేరకు వేడి తగిలించాలి.
* వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి నీళ్లు చల్లి పరీక్షించుకోవాలి.
* తడి జాకెట్‌ను సంచిలో కుక్కకుండా ఆరేసి, పూర్తిగా ఆరాక హ్యాంగర్‌కు తగిలించాలి.
* పూత పోయిందని జాకెట్‌ను పారేయవద్దు. వస్త్రం, కుట్లు, లోపలి పొర బాగుంటే తిరిగి పూసుకుని మరికొన్నేళ్లు వాడుకోవచ్చు.